నేను రాలేని రోజు నడవాల్సిన సెటప్

2012 ఫిబ్రవరి మొదటి వారం. మిర్చి సీజన్ ఊపందుకుంది. పొద్దున్నే ఎనుమాముల మార్కెట్ నుంచి ఫోన్.

"తమ్మీ, సంక్రాంతి కాన్నుంచి కొట్టిన పట్టీలన్నీ పోయినయ్. ఒక్కటి గూడ కనవడ్తలేదు. జర జల్ది రా."

ఫోన్ చేసింది ఒక అడ్తి షాపు (రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే షాపు) సేఠ్. అప్పటికి నా సాఫ్ట్‌వేరు నడుస్తున్నది మొత్తం మూడు షాపుల్లో. అందులో మొదటిది ఆయనది. మార్కెట్ సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. రైతు తెచ్చిన బస్తాలకు పాట జరిగి, ధర తేలి, కాంటా అయ్యాక అడ్తిదారు రాసిచ్చే లెక్క కాగితాన్ని తక్‌పట్టీ అంటారు. ఎన్ని బస్తాలు, ఎంత తూకం, క్వింటాలుకు ఎంత ధర, హమాలీ ఎంత, దడ్వాయి (తూకం వేసే మనిషి) కూలి ఎంత, చివరికి చేతికొచ్చేది ఎంత అన్నీ దాని మీదే ఉంటాయి. ఆ కాగితం చేతిలో పడందే రైతు ఇంటి దారి పట్టడు. దాన్ని చేత్తో రాసే బదులు కంప్యూటర్‌లో కొట్టి ప్రింటు తీసే చిన్న ప్రోగ్రాం నేను రాసింది. విజువల్ బేసిక్ 6 (వీబీ 6) అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో రాశాను, లెక్కలు దాచుకోవడానికి ఒక యాక్సెస్ డేటాబేస్ ఫైలు. అంతే.

హన్మకొండ నుంచి బండి మీద వెళ్లేసరికి షాపు ముందు రైతులు నిలబడి ఉన్నారు. సేఠ్ చెప్పింది నిజమే. ప్రోగ్రాం తెరుచుకుంటోంది, డిసెంబరు పట్టీలు ఉన్నాయి, జనవరి 10 తర్వాతవి ఒక్కటీ లేవు. జనవరిలోనే ఆ షాపులో పాత ఎక్స్‌పీ మెషిన్ తీసేసి విండోస్ 7 ఉన్న కొత్త సిస్టం పెట్టారు. రోజూ దాని మీద కూర్చునే గుమస్తా, జాతర రద్దీ మొదలవకముందే మొక్కు తీర్చుకుందామని మేడారం పోయాడు. అక్కడ ఫోన్ సిగ్నల్ లేదు. ఆ రోజంతా పట్టీలు చేత్తోనే రాశారు. నేను కూడా కూర్చుని రాశాను. హమాలీ లెక్క రెండుసార్లు తప్పాను. ఒక పెద్దాయన వేళ్ల మీద లెక్కేసి దిద్దాడు.

సాయంత్రం గుమస్తా వచ్చాడు. మా చేతుల్లో ఇంత బెల్లం ముక్క పెట్టి, సిస్టం ఆన్ చేసి, తన లాగిన్‌తో ప్రోగ్రాం తెరిచాడు. "అన్నీ ఈడనే ఉన్నయ్ గదన్నా" అన్నాడు.

ఉన్నాయి. ఆయన లాగిన్‌లో అన్నీ ఉన్నాయి. సేఠ్ లాగిన్‌లో లేవు. ఒకటే మెషిన్, ఒకటే ప్రోగ్రాం, రెండు ఖాతా పుస్తకాలు.

కారణం కనుక్కోవడానికి ఆ రాత్రంతా పట్టింది. ఇది ఇప్పటికీ చాలామందికి తగులుతున్న దెబ్బ కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. నేను ఆ ప్రోగ్రాంను ఇన్‌స్టాల్ చేయలేదు. పెన్‌డ్రైవ్ నుంచి ఫోల్డరు ఎత్తి ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పడేశాను, డెస్క్‌టాప్ మీద ఐకాన్ పెట్టాను, టీ తాగి వచ్చేశాను. లెక్కల ఫైలు కూడా ఆ ఫోల్డరులోనే ఉంది. ఎక్స్‌పీలో అందరూ అడ్మిన్‌లుగానే లాగిన్ అయ్యేవాళ్లు కాబట్టి అది చెల్లింది. ఎక్స్‌పీ తర్వాత వచ్చిన విస్టా నుంచి విండోస్ తీరు మారింది. మామూలు ప్రోగ్రాం ఏదీ ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయడానికి వీల్లేదు. మరి అలా రాసే అలవాటున్న పాత ప్రోగ్రాంలు ఆగిపోకుండా విండోస్ ఒక ఉపాయం చేసింది. ప్రోగ్రాం రాయబోతే వద్దనకుండా, ఆ ఫైలుకు ఒక నకలు తీసి, ఆ యూజరు సొంత ఫోల్డరులో వర్చువల్‌స్టోర్ అనే చోట పెట్టి, అందులో రాయిస్తుంది. ప్రోగ్రాంకు ఆ సంగతి తెలియదు. గుమస్తా లాగిన్‌కు ఒక నకలు తయారైంది. సేఠ్ లాగిన్‌కు కనిపించింది మాత్రం నేను మొదట పడేసిన అసలు ఫైలు. ఏ డేటా పోలేదు. ఎవరి నకలు వాళ్ల దగ్గర పెరుగుతోంది.

విండోస్ మీద నాకు కోపం రాలేదు. పాత ప్రోగ్రాంల మీద దయ చూపబోయింది, అంతే. తప్పు నాది. ప్రోగ్రాం రాయడానికి నాలుగు నెలలు పెట్టాను, దాన్ని ఆ మెషిన్‌లో ఎక్కడ ఉంచాలో ఆలోచించడానికి నాలుగు నిమిషాలు కూడా పెట్టలేదు. ప్రోగ్రాంను మెషిన్‌లో సరైన చోట ఎక్కించే సెటప్ ఫైలే ఇన్‌స్టాలర్. అంటే నేను లేనప్పుడు ఆ షాపులో నా తరఫున నిలబడే మనిషి. నేను అక్కడికి పంపింది మూగవాణ్ని.

ఉచితంగా దొరికే ఇన్‌స్టాలర్ టూల్స్ కోసం నా వెతుకులాట అలా మొదలైంది. అప్పుడు ఉచితం కావాలనుకున్నది జేబులో డబ్బుల్లేక. ఇప్పుడు చెప్పబోయే కారణం వేరు. నా తరఫున నిలబడే ఆ మనిషి ఏం చేస్తున్నాడో నేను చదవగలగాలి. రేపు నేను ఈ పని మానేస్తే, నా తర్వాత వచ్చేవాడు కూడా చదవగలగాలి. కొన్న టూల్స్‌లో ఆ వీలు నాకు కనిపించలేదు. క్రాక్ చేసిన వాటిలో అసలే లేదు.

క్రాక్ సంగతి దాచను. మొదట పట్టుకున్నది దాన్నే. అమీర్‌పేటలో కోర్సు చేస్తున్న దోస్తు ఒకడు డీవీడీ తెచ్చిచ్చాడు. అందులో పేరున్న ఇన్‌స్టాలర్ టూల్ ఒకటి ఉంది. కొనాలంటే మూడు షాపుల నుంచి నాకొచ్చిన మొత్తం కూడా చాలదు. మౌస్‌తో లాగి వదిలితే సెటప్ తయారు. అందంగా కూడా ఉంది, పక్కన నీలం బొమ్మ, కింద కదిలే గీత. రెండు షాపుల్లో ఎక్కింది. మూడో షాపులో యాంటీవైరస్ దాన్ని చూసీ చూడగానే ఎత్తి అవతల పారేసింది. అది ఉత్త అనుమానమా, నిజంగానే లోపల ఏదైనా ఉందా? నాకు తెలియదు. తెలుసుకునే దారే లేదు. టూల్‌కు తాళం తీసినవాడు అది తయారుచేసే ప్రతి సెటప్‌లోనూ ఏం కుక్కాడో ఎవరికి ఎరుక? రైతుల లెక్కలున్న మెషిన్ల మీదికి నా చేతులతో నేనే దాన్ని తీసుకెళ్లాను. "ఖర్చు లేకుండా పనైపోతుంది" అనేవాళ్లకు నేను మొదట చెప్పేది ఈ కథే.

వీబీ 6తో పాటే ప్యాకేజ్ అండ్ డిప్లాయ్‌మెంట్ విజార్డ్ అని ఒకటి వస్తుంది. అది 1998 నాటిది. దాంతో చేసిన సెటప్ పదేళ్లు దాటిన సిస్టం ఫైళ్లను కొత్త విండోస్ మీదికి మోసుకెళ్లి, రీస్టార్ట్ చేయమని అడుగుతుంది. వదిలేశాను. కొత్త తరం వాళ్లకు మైక్రోసాఫ్ట్ వాళ్ల ప్రోగ్రామింగ్ టూల్ విజువల్ స్టూడియో ఉంది కదా అనుకుంటే, దానిదీ ఒక కథ. 2010 వెర్షన్ దాకా అందులో సెటప్ ప్రాజెక్టు అని ఉండేది. 2012 వెర్షన్‌లో తీసేశారు. జనం గోల పెడితే, తర్వాత విడిగా దించుకునే ఎక్స్‌టెన్షన్‌గా తిరిగి ఇచ్చారు. పెట్టెతో పాటు వచ్చింది పెట్టెతో పాటే పోవచ్చు.

నిజంగా ఉచితంగా, సోర్సుతో (రాసిన అసలు కోడుతో) సహా దొరికేవాటిలో అప్పటికి నాకు కనిపించినవి మూడు. విక్స్, ఎన్‌సిస్, ఇనో సెటప్.

విక్స్ పుట్టుక తమాషాగా ఉంటుంది. ఓపెన్ సోర్స్ అంటేనే మైక్రోసాఫ్ట్ మండిపడుతున్న కాలంలో, 2004 ఏప్రిల్‌లో, ఆ కంపెనీ ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద బయటికి వదిలిన మొదటి ప్రాజెక్టు ఇదే. ఎమ్‌ఎస్‌ఐ ఫైళ్లు తయారుచేస్తుంది. ఎమ్‌ఎస్‌ఐ అంటే విండోస్ సొంత పద్ధతిలో ఉండే సెటప్ ఫైలు, లోపల ఒక డేటాబేస్. ఏ ఫైలు ఏ కాంపొనెంట్‌లో ఉంది, దాని గుర్తింపు సంఖ్య ఏంటి అంటూ పట్టికల మీద పట్టికలు. వందల మెషిన్లున్న ఆఫీసులో ఒక్కచోట కూర్చుని అన్నిటికీ పంపాలంటే దానికి మించింది లేదు. నాకున్నవి మూడు మెషిన్లు. ఎక్స్‌ఎమ్‌ఎల్ రాసి రాసి మూడో రోజు రాత్రి ఒక్క ఐకాన్ డెస్క్‌టాప్ మీద కనిపించేలా చేయగలిగాను. చేతులెత్తి దండం పెట్టాను.

ఎన్‌సిస్‌ను నల్‌సాఫ్ట్ వాళ్లు విన్‌యాంప్ కోసం తయారు చేసుకున్నారు. పాటలు వినడానికి మనమంతా వాడిన ఆ విన్‌యాంపే. నెట్ నెమ్మదిగా ఉన్న రోజుల్లో పుట్టింది కాబట్టి పొదుపు దాని ఒంట్లోనే ఉంది. మన ఫైళ్లకు తోడు అది అదనంగా కలిపే బరువు పదుల కేబీల్లోనే. చేయలేని పని లేదు. కానీ దాని స్క్రిప్టు రాయడమంటే స్టాక్ మీద పెట్టు, స్టాక్ నుంచి తీయి, సమానమైతే అక్కడికి దూకు, లేకపోతే ఇక్కడికి దూకు. ఇంజనీరింగ్‌లో మైక్రోప్రాసెసర్ ల్యాబ్ ఇష్టపడ్డవాళ్లకు బాగుంటుంది. నేను ఆ ల్యాబ్‌లో పాసైంది రెండోసారి.

ఇనో సెటప్ దగ్గర ఆగాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. జోర్డన్ రస్సెల్ అనే ఆయన 1997లో మొదలుపెట్టాడు. డెల్ఫీ అనే ప్రోగ్రామింగ్ టూల్‌లో రాసింది. మనం రాయాల్సింది నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునే ఒక మామూలు టెక్స్ట్ ఫైలు. అందులో భాగాలు ఉంటాయి. ఏ ఫైళ్లు ఎక్కడికి పోవాలో ఒక భాగం, ఏ ఫోల్డర్లు తయారు చేయాలో ఒకటి, ఐకాన్లకు ఒకటి, విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీకి ఒకటి, చివర్లో ఏం నడపాలో ఒకటి. ఇవి చాలకపోతే పాస్కల్ భాషలో నాలుగు ముక్కలు రాసుకోవచ్చు.

నా తక్‌పట్టీ గోలంతా తీరింది అందులో మూడు నాలుగు లైన్లతో. లెక్కల ఫైలుకు ప్రోగ్రామ్‌డేటాలో (యూజర్లందరికీ ఉమ్మడి డేటా కోసం విండోస్ ఉంచిన చోటులో) విడిగా ఒక ఫోల్డరు, దాని మీద యూజర్లందరికీ రాసే హక్కు. అంటే సేఠ్ తెరిచినా గుమస్తా తెరిచినా పుస్తకం ఒకటే. ఆ ఫైలుకు రెండు గుర్తులు తగిలించాను. అప్పటికే ఉంటే ముట్టుకోకూడదు అని ఒకటి. అన్‌ఇన్‌స్టాల్ చేసినా తీసేయకూడదు అని ఇంకొకటి. ఈ రెండో గుర్తు విలువ నాకు రెండేళ్ల తర్వాత తెలిసింది. కేసముద్రంలో ఒక షాపులో, సిస్టం స్లో అయిందని ఎవరో కుర్రాడు కంట్రోల్ ప్యానెల్ తెరిచి, తనకు తెలియని ప్రోగ్రాంలన్నీ వరసపెట్టి తీసేశాడు. నాదీ పోయింది. సెటప్ మళ్లీ ఎక్కిస్తే, మూడేళ్ల పట్టీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. సెటప్ బాగా ఎక్కుతోందా అని అందరూ చూస్తారు. తీసేసినప్పుడు ఏం మిగులుతుందో చూసేవాళ్లు తక్కువ.

మొదట్లో నేనూ తప్పులు చేశాను. ప్రోగ్రాం పేరులోనే వెర్షన్ నంబరు పెట్టాను. యాప్ ఐడీ అని విడిగా ఇవ్వకపోతే ఇనో ఆ పేరునే గుర్తుగా తీసుకుంటుంది. కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ దానికి అది కొత్త ప్రోగ్రాం. పరకాల షాపులో చూస్తే లిస్టులో నాలుగు తక్‌పట్టీలు వరసగా కూర్చుని ఉన్నాయి. "ఏది నొక్కాలె?" అని అడిగితే నాకే తెలియలేదు. ఆ రోజు యాప్ ఐడీ ఒకటి ఖాయం చేశాను. ఇప్పటికీ అదే. ఓసీఎక్స్ ఫైళ్లతో (వీబీ ప్రోగ్రాం వాడుకునే విడిభాగాలతో) ఇంకో తలనొప్పి. వీబీ 6 వాడినవాళ్లకు చెప్పక్కర్లేదు, కాంపొనెంట్ సరిగ్గా రిజిస్టర్ కాలేదంటూ వచ్చే ఆ బూడిదరంగు డబ్బా కలలోకి కూడా వస్తుంది. ఇనోలో ఆ ఫైలు పక్కన ఒక్క మాట రాస్తే రిజిస్టర్ చేసేది అదే.

ఇక్కడ నా స్నేహితుడు ఒకడు అడ్డుపడతాడు. హైదరాబాద్‌లో పెద్ద ఉద్యోగం. "ఇంకా డెస్క్‌టాప్ ఏందిరా, వెబ్‌లో పెట్టు, ఇన్‌స్టాల్ గొడవే ఉండదు" అంటాడు. అతని మాటలో నిజముంది. నేనూ రెండు పనులు వెబ్‌లోకి మార్చాను. కానీ అడ్తి షాపులో ప్రింటరు డాట్ మ్యాట్రిక్స్. మధ్యలో కార్బన్, ఒకేసారి మూడు కాపీలు రావాలి. ఒకటి రైతుకు, ఒకటి ఖరీదుదారుకు, ఒకటి షాపుకు. లేజర్ ప్రింటరు కాగితాన్ని కొట్టదు కాబట్టి కింద కాపీ పడదు. డెస్క్‌టాప్ ప్రోగ్రాం ఆ ప్రింటరుకు అక్షరాలు నేరుగా పంపిస్తుంది, అది గర్ర్‌మంటూ రెండు క్షణాల్లో కొట్టేస్తుంది. బ్రౌజరు అదే పట్టీని బొమ్మగా మార్చి పంపితే, ఒక్కో పట్టీకి అర నిమిషం. వందల మంది రైతులు నిలబడ్డ రోజు అర నిమిషం అంటే మాటలా? పైగా సీజన్‌లో మార్కెట్ యార్డులో మొబైల్ నెట్ ఉన్నట్టే ఉంటుంది, పేజీ తెరుచుకోదు. సాఫ్ట్‌వేరు ఎక్కడ ఉండాలో ప్రింటరు చెబుతుంది, ఫ్యాషన్ కాదు.

ఉచితానికి హద్దు తగిలేది ఇంకోచోట. 2012 చివర్లో వచ్చిన విండోస్ 8 నుంచి, నెట్‌లో దించుకున్న తెలియని సెటప్ నొక్కగానే విండోస్‌లోని స్మార్ట్‌స్క్రీన్ అనే కాపలా నీలం తెర వేసి ఆపుతుంది. మోర్ ఇన్ఫో అని చిన్న అక్షరాలు నొక్కితేగానీ రన్ ఎనీవే అనే బటన్ కనిపించదు. ఆ తెర రాకుండా ఉండాలంటే సెటప్ ఎవరు తయారు చేశారో చెప్పే కోడ్ సైనింగ్ సర్టిఫికెట్‌తో సంతకం చేయాలి, ఆ సంతకానికి నెమ్మదిగా పేరు రావాలి. వెబ్‌సైట్లకు ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ లాంటిది దీనికి లేదు. గడువు తీరినప్పుడల్లా కొనాలి. 2023 జూన్ నుంచి ఆ సంతకానికి వాడే డిజిటల్ తాళంచెవిని హార్డ్‌వేర్ టోకెన్ లాంటి భద్రమైన పరికరంలోనే ఉంచాలని నియమం కూడా వచ్చింది, ఖర్చు ఇంకా పెరిగింది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు సైన్‌పాత్ ఫౌండేషన్ ఉచితంగా సంతకం చేసిపెడుతుంది. అడ్తి లెక్కల సాఫ్ట్‌వేరు ఓపెన్ సోర్స్ చేయడానికి నాకు అభ్యంతరం లేదు గానీ, ఆ వీబీ కోడు నలుగురికి చూపించాలంటే సిగ్గు. ఇక్కడ మాత్రం డబ్బున్నవాడిదే పైచేయి అని ఒప్పుకుంటాను. నాలాంటివాళ్లం ఫోన్‌లో "సేఠ్, మోర్ ఇన్ఫో నొక్కు" అని చెప్పుకుంటూ బతుకుతున్నాం. తెలియని తెర వస్తే దాటెయ్యమని జనానికి మనమే నేర్పుతున్నాం. అది మంచి అలవాటు కాదని తెలిసే నేర్పుతున్నాం.

ఉచితం అన్నది కూడా ఎల్లకాలం ఒకేలా ఉండదు. ఇనో సెటప్‌ను వ్యాపారానికి వాడుకునేవాళ్లు లైసెన్సు కొనమని ఈ మధ్య దాని తయారీదారులు అడుగుతున్నారు. విక్స్ వాళ్లు కూడా దాంతో సంపాదించేవాళ్ల నుంచి మెయింటెనెన్స్ ఫీజు అడుగుతున్నారు. మోసం, దగా అని కొందరు గొంతు చించుకున్నారు. నాకలా అనిపించలేదు. పాతికేళ్లకు పైగా ఇనోను ఎవరో కూర్చుని బాగుచేస్తూనే ఉన్నారు. ఒక్క రూపాయి ఇవ్వకుండా దాని మీద నేను ఇల్లు గడుపుకున్నాను. హమాలీకి, దడ్వాయికి పట్టీలో ఒక గీత ఉంటుంది కదా. వీళ్లకూ ఒక గీత ఉండాలి. రేపు వాళ్లు ఆపేసినా నా స్క్రిప్టు టెక్స్ట్ ఫైలే, సోర్సు బయటే ఉంది. తాళం నా చేతిలోనే ఉన్నప్పుడు అద్దె ఇవ్వడానికి ఏడుపెందుకు?

భాష సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే. ఇనోలో సెటప్ తెర మీద కనిపించే ప్రతి మాటా ఇంకో టెక్స్ట్ ఫైలులో ఉంటుంది. దాన్ని తెలుగు చేసుకోవచ్చు. ఆ రోజుల్లో ఇనో రెండు రకాలుగా వచ్చేది, యూనికోడ్ ఒకటి, పాతది ఒకటి. తెలుగు కావాలంటే యూనికోడ్‌దే. ఉత్సాహంగా నిఘంటువు ముందేసుకుని రాశాను. ఇన్‌స్టాల్‌కు స్థాపించు, అన్‌ఇన్‌స్టాల్‌కు నిర్మూలించు. గుమస్తా చూసి, "ఏందన్నా, గుడి కడ్తున్నమా?" అన్నాడు. నిర్మూలించు చూసి సేఠ్ ఆ బటన్ దగ్గరికే పోలేదు. ఇప్పుడు ఎక్కించు, తీసెయ్, ముందుకు, వెనక్కు అని ఉంటాయి. నెక్స్ట్‌ను ముందుకు అని మార్చినా ఫోన్‌లో అందరూ నెక్స్ట్ అనే అంటారు, అది వేరే సంగతి. ఎక్స్‌పీ మెషిన్లలో అయితే తెలుగు డబ్బాలు డబ్బాలుగా కనిపించేది. తెలుగు లాంటి లిపులకు కావాల్సిన కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అనే సెట్టింగు ఆన్ చేసి, విండోస్ సీడీ పెట్టి, రీస్టార్ట్ చేయాలి. ఆ సీడీ ఏ షాపులోనూ ఉండేది కాదు. ఒక ఫాంటును సెటప్‌లోనే కలిపి ఎక్కించే వీలు ఇనోలో ఉంది. మండలి, సూరన్న లాంటి తెలుగు ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి కాబట్టి అలా కలిపి పంచడానికి ఎవరి అనుమతీ అడగక్కర్లేదు.

లినక్స్ గురించి అడిగేవాళ్లకు చిన్న జవాబు. మంచిర్యాలలో మిత్రుడి జిరాక్స్ షాపు కోసం రాసిన ఇంకో చిన్న పనిని యాప్‌ఇమేజ్‌గా ఇచ్చాను. ఒకటే ఫైలు, నడిపే అనుమతి ఇచ్చి డబుల్ క్లిక్ చేస్తే చాలు. తీసెయ్యాలంటే డిలీట్. అంతకు మించి చెప్పేంత అనుభవం నాకు లేదు.

సెటప్ తయారయ్యాక అది షాపుకు చేరాలి కదా. జీమెయిల్ సెటప్ లాంటి ఈఎక్స్‌ఈ ఫైళ్లను ఒప్పుకోదు. జిప్ చేసి దాచినా పట్టేస్తుంది. నెట్ ఉన్నచోటికి డ్రైవ్ లింకు పంపేవాణ్ని. లేనిచోటికి, హన్మకొండ బస్టాండులో నర్సంపేట బస్సు ఎక్కుతున్న తెలిసినవాళ్లెవరి చేతిలోనైనా పెన్‌డ్రైవ్ పెట్టేవాణ్ని. అందుకే సెటప్ సైజు 4 ఎంబీ దాటకుండా చూసుకునేవాణ్ని. పెన్‌డ్రైవ్‌లో ఎంత పెట్టినా బరువు ఒకటే అని మా ఆవిడ నవ్వుతుంది.

పోయిన నెల జమ్మికుంట నుంచి తెలియని నంబరు. పత్తి కొనే షాపట. నేనెప్పుడూ అక్కడికి పోలేదు. మా పరకాల సేఠ్ బావమరిదిదట ఆ షాపు, పెన్‌డ్రైవ్‌లో సెటప్ ఇచ్చాడట. "నెక్స్ట్ నెక్స్ట్ కొట్టిన, ఎక్కింది. నా లాగిన్‌ల, మా కొడుకు లాగిన్‌ల రెండిట్ల లెక్కలు సరిగనే వస్తున్నయ్. కని పట్టీ మీద గీతలు పక్కకు జరుగుతున్నయ్ సారూ, సాఫ్ట్‌వేర్ల ఏమన్న ఉన్నదా?"

ప్రింటరు పక్కన కాగితం రంధ్రాలు పళ్లకు సరిగ్గా తగులుతున్నాయేమో చూడమన్నాను. కాసేపు ఏదో టకటక శబ్దం. "ఆ, గదే" అని పెట్టేశాడు.